పోటుగీతయు, పట్టాభూమియు

కృష్ణాజిల్లా తూర్పుకొసను, కొల్లేటినీటిని కడలికి జేర్చు ఉప్పుటేటి దాపున, కృత్తివెన్ను మండల మున్నది. ఒకవైపు బంగాళాఖాతము; వేరొకవైపు ఉప్పుటేరు; నడుమ వరిచేలు, రొయ్యలచెరువులు, సరుగుడుతోపులు, ఇసుకదిబ్బలు. చిరకాలము ఈ తీరపుభూములను చవుటినేలలని చిన్నచూపు చూచిరి. నేడు 216వ నంబరు జాతీయ రహదారి కృత్తివెన్ను మీదుగా బోవుచున్నది. బందరు రేవు నిర్మాణము 2023లో ఆరంభమైనది. రేవు వచ్చుచున్నదనిన వెంటనే తీరమునందలి భూములకు గిరాకి కలుగుట సహజము. గుడివాడ, బందరు పట్టణములందలి ధనవంతులు కడలిచెంత స్థలములు కొనదలచుటయు, పల్లెలందలి భూస్వాములు పొలములను చెరువులుగను, చెరువులను ఇండ్ల స్థలములుగను మార్చదలచుటయు సహజమే.

భూమి కొనువాడు దస్తావేజు చూచును. అడంగలు చూచును. బాకీలు తాకట్టులు లేవని రిజిస్ట్రేషను కచేరినుండి ధ్రువపత్రము దెచ్చుకొనును. నాలుగుదిక్కుల హద్దులు తొక్కి చూచును. దారి యున్నదా, మంచినీరున్నదా యని విచారించును. ఇన్ని చూచినవాడు చూడనిది మాత్ర మొకటి మిగిలిపోవుచున్నది. అది పోటుగీత. సముద్రము పోటువచ్చినపుడు నేలపై నెంతదూరము ప్రాకునో ఆ కట్టకడపటి మేరకు శాసనము పెట్టిన పేరిది. ఈ గీతనుండి కొలిచియే తీరభూమిలో ఏది కట్టవచ్చునో, ఏది కట్టరాదో నిర్ణయింపబడుచున్నది. అట్టి గీతను ఏ రైతును తన పొలమున చూచియుండలేదు. దానిని తెలుపు రాయి చేనిగట్టుపై లేదు. అయినను, ఆ గీత తప్పినచో కట్టిన యిల్లు నిలువదు. దీనినిగూర్చి మన భూస్వాములును, మన పాలకులును ఇకనైన కన్ను తెరువవలెనని మేము విన్నవించుచున్నాము.

మొదట శాసన మేమో తెలిసికొందము. 1986వ సంవత్సరపు పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద కేంద్రప్రభుత్వమువారు 1991 ఫిబ్రవరి 19వ తేదీని తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించిరి. దీనినే వాడుకలో సి.ఆర్.జడ్. అనుచున్నారు. 2011 జనవరి 6వ తేదీని దానిని మార్చి వ్రాసిరి. 2019 జనవరి 18వ తేదీని మరల మార్చిరి. రెండుసార్లు మారినను మూలసూత్ర మొక్కటియే. సముద్రతీరమున పోటుగీతనుండి 500 మీటర్లవరకుగల భూమి నియంత్రణకు లోబడినది. మడ అడవులు, ఇసుకదిబ్బలు, తాబేళ్లు గ్రుడ్లుపెట్టు తావులు మొదటితరగతి. అందు కట్టడములకు దాదాపుగ తావులేదు. పట్టణములు రెండవతరగతి. మన పల్లెలవంటి గ్రామీణ తీరము మూడవతరగతి. నీటిభాగము నాలుగవతరగతి.

మూడవతరగతియందు పోటుగీతనుండి 200 మీటర్లవరకు నిర్మాణనిషిద్ధభాగము. అచ్చట సేద్యము చేసికొనవచ్చును, తోటలు వేసికొనవచ్చును, పశువులను మేపుకొనవచ్చును. అనుమతితో పూర్వమే కట్టిన యింటిని, దాని కొలతను పెంచకుండ, బాగుచేసికొనవచ్చును. పరంపరగ తీరమునందే బ్రదుకుచున్న మత్స్యకారాదుల నివాసములకు 100 మీటర్లకును 200 మీటర్లకును నడుమ కొన్ని నిబంధనలతో వెసులుబాటు గలదు. 200 నుండి 500 మీటర్లవరకు గ్రామస్థులు తమ ఆచారహక్కులకు లోబడి యిండ్లు కట్టుకొనవచ్చును. కాని తొమ్మిదిమీటర్ల యెత్తును, రెండంతస్తులను మించరాదు. 200 మీటర్లలోపల భూగర్భజలము తోడుట, స్థానికులు తమ వాడుకకై తోడుకొనుట తప్ప, నిషిద్ధము. ఆ పైభాగమున వేరు నీరు లేనిచోట నూతులనుండి చేతితో తోడుకొనుటకు మాత్రము సెలవు. ఇసుకదిబ్బలను చదునుచేయుట నిషిద్ధము.

కొందఱు దీనిని విని, మా పట్టాభూమి మాకు గాకుండ పోయినదని వాపోవుచున్నారు. అది పొరపాటు. హక్కు యజమానునిదే. వాడుకకు మాత్రమే హద్దు. వరి పండించుకొను రైతునకు ఈ శాసనమువలన పోవునది లేదు. మఱియు ఈ భావము మనకు క్రొత్తదియు గాదు. 1905వ సంవత్సరపు మద్రాసు భూ ఆక్రమణల చట్టమునందే పోటుమేరకు దిగువనున్న సముద్రపునేలయు, పరఱయు ప్రభుత్వపు ఆస్తియని చెప్పబడియున్నది. నాటి చట్టము గీతకు క్రిందిభాగమును తనదనెను. నేటి శాసనము గీతకు పైభాగమున యజమానునకు బుద్ధి చెప్పుచున్నది. భేద మంతియే.

ఇట్టి బుద్ధి యేల చెప్పవలెనని ఇతరప్రాంతములవా రడిగిన అడుగవచ్చును. బందరు, దివిసీమ ప్రజ లడుగరాదు. 1864 నవంబరు 1వ తేదీరాత్రి బందరుపై విఱుచుకుపడిన ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరని నాటి లెక్క. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కప్రకారమే పదివేలమంది పోయిరి. సొర్లగొందివంటి పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయినవి. 1990 మే నెలలో మరల గాలివాన వచ్చెను. కడలికిని ఊరికిని నడుమ నుండు ఇసుకదిబ్బయు, మడతోపును కట్టని కరకట్టలు. వాటిని కట్టుటకు మన పూర్వులు ఒక దమ్మిడీయైన వెచ్చింపలేదు. పడగొట్టుటకు మాత్రము మన మిప్పుడు ప్రొక్లెయినులకు గంటల లెక్కను బాడుగ యిచ్చుచున్నాము. దిబ్బ తవ్వి పల్లపునేల మెఱక చేసికొన్నవాడు తన స్థలమును ఒక మూర యెత్తునకు దెచ్చుకొనునేమో గాని, తన వెనుకనున్న ఊరినంతటిని వాకిలి తీసి కడలికి చూపుచున్నాడు.

నీటివిషయ మంతకన్న సూక్ష్మమైనది. తీరమున నేలలోపల ఉప్పునీటిపై మంచినీరు తేలియుండును. ఈ రెంటి సమత్వమును మొదట లెక్కగట్టినవారిలో ఓలందుదేశపు ఘైబెన్, జర్మనీదేశపు హెర్జ్‌బర్గ్ అను నిద్దఱు ముఖ్యులు. వారి సూత్రము ప్రకారము, మంచినీటిమట్టము సముద్రమట్టముకన్న ఒక అడుగు పైనున్నచో, క్రింద సుమారు నలుబదియడుగుల లోతువఱకు మంచినీ రుండును. దీనిని తిరుగవేసి చూడుడు. మోటారు పెట్టి తోడి ఒక అడుగుమట్టము తగ్గించితిమా, క్రిందినుండి ఉప్పు నలుబదియడుగులు పైకి లేచును. నేల పొరలనుబట్టి ఈ లెక్క కొంత మారవచ్చును. దారి మాత్ర మదియే. ఒక విడిదిగృహమువాడు తన తోటకై వేసిన బోరు, ప్రక్కవాని త్రాగునీటినూతిని ఉప్పుచేయుట ఇట్లు సంభవించును. కావున నీటినిగూర్చిన నిబంధన ఎక్కడనో ఢిల్లీయందు కూర్చున్నవాని చాదస్తము గాదు. అది మన పెరటినూతిలోని సంగతి.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకముగ వర్తించు రెండువిషయములు గలవు. వీనిని తెలియకపోవుటవలననే భూములు కొనువారు మోసపోవు ప్రమాదము గలదు.

మొదటిది. 2019వ సంవత్సరపు ప్రకటనలో నిషిద్ధభాగమును 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించిరని విశేషముగ ప్రచారమైనది. బేరగాండ్రు ఈ మాటనే చెప్పి స్థలములు చూపుట కవకాశము గలదు. కాని ఆ తగ్గింపు అన్నిపల్లెలకును గాదు. 2011 జనాభాలెక్కల ప్రకారము చదరపు కిలోమీటరునకు 2161 మందికి మించి జనమున్నచోట్లకు మాత్రమే అది వర్తించును. నాటి కృష్ణాజిల్లా మొత్తముమీద జనసాంద్రత 518. బందరు, బెజవాడలను కలుపుకొనియే యీ లెక్క. చేలు, చెరువులు పఱచుకొనియున్న మన తీరగ్రామములలో అంతటి సమ్మర్దముగలది దొరకుట అరుదు. కావున కేరళయందలి క్రిక్కిరిసిన తీరమునకు దక్కు వెసులుబాటు కృత్తివెన్నునకు దక్కునని యెంచరాదు. మనకు 200 మీటర్లే. అంతేగాక, క్రొత్త ప్రకటనకు తగిన పటములు తయారై ఆమోదము పొందువఱకు 2011 నాటి పటములును, నిబంధనలునే చెల్లునని ఆ ప్రకటనయే చెప్పుచున్నది.

రెండవది. నియంత్రణ సముద్రపుటొడ్డుకు మాత్రమే పరిమితము గాదు. పోటునీరెక్కు ఏళ్లు, కాలువల యొడ్డులకును అది వర్తించును. ఎంతవఱకు ఎక్కునని తేల్చుట కొక కొలత గలదు. సంవత్సరమునందెల్ల నీరు తక్కువగనుండు ఋతువున, వేయిపాళ్ల నీటిలో అయిదుపాళ్లు ఉప్పున్న తావువఱకు పోటు పాఱినట్లు లెక్క. అట్టి ఏటియొడ్డున 2011 ప్రకటన ప్రకారము 100 మీటర్లు గాని, ఏటి వెడల్పు గాని, ఏది తక్కువయైన అది. 2019 ప్రకటన ప్రకారము 50 మీటర్లు గాని, ఏటి వెడల్పు గాని, ఏది తక్కువయైన అది. ఉప్పుటేటిలో వేసవి నాటికి ఉప్పు ఎంత పైకెక్కునో ఆ ప్రాంతపు రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సముద్రము కనబడని పొలముగూడ ఈ శాసనమునకు లోబడియుండవచ్చునని మాత్రము చెప్పవలసియున్నది.

చినగొల్లపాలెమువంటి చోట్ల చిక్కు ఇంకను హెచ్చు. ఒకప్రక్క ఏటిమొగ, ఒకప్రక్క కడలి, ఒడ్డు కోసికొనిపోవుచున్నది. కృష్ణానదిపై ఆనకట్టలు వెలసినపిదప దిగువకు వచ్చు ఒండ్రుమట్టి మిక్కిలి తగ్గిపోయినది. మేపు లేని డెల్టా కడలికి లొంగుచున్నది. ఒడ్డు వెనుకకు జరిగిన, పోటుగీతయు దానివెంటనే జరుగును. నిన్న న్యాయముగ గీతకు ఇవతలనున్న యిల్లు రేపు గీతలోపల పడవచ్చును. కదలు గీతను ఎప్పటికప్పుడు నేలపై చూపువాడు లేనిచో గృహస్థునకు దిక్కెవ్వరు?

ఇచ్చటనే మా ముఖ్యమైన ఆక్షేపణ. గీత పటముమీద నున్నది, నేలమీద లేదు. రాష్ట్రస్థాయి పటములు ఇరువదియైదువేలకు ఒకటి అను కొలతను తయారగుచున్నవి. అనగా పటముమీద ఒక మిల్లీమీటరు, నేలమీద 25 మీటర్లు. అట్టి పటములో 200 మీటర్ల నిషిద్ధభాగము ఎనిమిది మిల్లీమీటర్లు. ఏటియొడ్డునందలి 50 మీటర్లు రెండే మిల్లీమీటర్లు. కలముతో గీసిన గీత అరమిల్లీమీటరు మందమున్న, ఆ మందమే నేలపై పండ్రెండుమీటర్లను మ్రింగివేయును. అయిదుసెంట్ల యింటిస్థలము, పదునాలుగుమీటర్ల చదరము, ఆ పటములో ఆవగింజలో సగమంత. ఆ స్థలము గీతకు లోపలనో, వెలుపలనో, గీతక్రిందనో ఏ తహసీలుదారు చెప్పగలడు? ఏ పంచాయతి కార్యదర్శి చెప్పగలడు?

శాసనకర్తలు దీని నెఱుగకపోలేదు. స్థానికసంస్థల యుపయోగమునకై 3960కి ఒకటి అను కొలతనో, దానికి దగ్గఱగనున్న గ్రామపటముల కొలతనో వేఱుగ పటములు వేయించవలెనని నిబంధనలందే యున్నది. ఆ కొలత మనకు క్రొత్తది గాదు. మైలునకు పదునాఱంగుళములు చొప్పున కరణముల చేతిలో మెలగిన గ్రామపటముల కొలతయే యది. అందు 50 మీటర్లు పండ్రెండుమిల్లీమీటర్లకు పైగ నుండును, సర్వే నంబరు కనబడును, చేనిగట్టు కనబడును. మేము కోరునది క్రొత్త వరము గాదు. శాసనము తానై యిచ్చిన మాటను నిలుపుకొనుమని మాత్రమే.

ఈ పని నిలిచియుండగ వేఱొకచిక్కు తెచ్చిపెట్టినారు. 300 చదరపు మీటర్లవఱకుగల సొంతనివాసగృహములకు రాష్ట్ర తీరయాజమాన్యసంస్థ సిఫారసు అక్కఱలేకుండ, స్థానికసంస్థయే అనుమతి నీయవచ్చునని 2019 ప్రకటన చెప్పుచున్నది. ఇది చిన్నగృహస్థునకు మేలుచేయదలచిన నిబంధన. దానిని మేము స్వాగతించుచున్నాము. కాని అధికార మిచ్చి పటము నీయకపోవుట, వానికి పడవ నిచ్చి తెడ్డు నీయకపోవుటవంటిది. పంచాయతివారు తెలిసో తెలియకో అనుమతి నిత్తురు. గృహస్థుడు ఆ కాగితమును నమ్మి కట్టుకొనును. తరువాత ఎప్పుడో ఆ యనుమతి చెల్లదని తేలును.

ఇట్లు జరుగునా యని సందేహించువారు కేరళదేశపు మరడు వృత్తాంతమును తలచుకొనవలెను. కొచ్చి నగరముచెంత మరడులో, అది పంచాయతిగనున్న 2006వ సంవత్సరమున, బహుళాంతస్తుల నివాసములకు అనుమతు లిచ్చిరి. మేడలు లేచినవి, ప్రజలు జీవితకాలపు సంపాదన పోసి కొనుక్కొని కాపురములు పెట్టిరి. తీరనియంత్రణకు విరుద్ధముగ కట్టినవని 2019 మే 8వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగుచోట్ల మేడలు మందుగుండుతో నేలగూలినవి. మూడువందలకు పైబడిన గృహములు క్షణములలో ధూళియైనవి. పంచాయతి ముద్రయు, రిజిస్ట్రేషను దస్తావేజును, బ్యాంకు ఋణమును, వీనిలో ఏదియు ఆ గోడలను నిలుపలేకపోయినది. గృహస్థునకు 25 లక్షల తాత్కాలికపరిహార మిప్పించిరి గాని, ఎన్నడో చేయవలసిన కొలత ఎవరును చేయకపోవుటచేత కలిగిన నష్టమును ఏ పరిహారము పూడ్చును?

దూరమేల, మన కొల్లేరున్నది. 1999లో అయిదవకాంటూరువఱకు అభయారణ్యమని ప్రకటించిరి. గీత ఎచ్చట నెచ్చట పోవునో, జిరాయితీభూము లెన్ని అందు పడునో తేటపఱుపకయే యేండ్లు గడిపిరి. చెరువులు వెలసినవి, పెట్టుబడులు మునిగినవి, 2006లో యంత్రములు వచ్చి గట్లు తెంచివేసినవి. ఆ గీతపై తగవు లటుతరువాతను ఎడతెగలేదు. మేము కొల్లేటిచెరువు నాక్రమించినవారిని సమర్థించుట లేదు. సరస్సును కాపాడవలసినదే. కాని ముందు రాయి పాతి, తరువాత శిక్షించుట ధర్మము. ముందు శిక్షించి, తరువాత కొలుచుట ధర్మము గాదు.

ఇంతవఱకు పాలకుల లోపమును చెప్పితిమి. ఇక మన లోపము. భూస్వాములమగు మనము ఈ విషయమున నిష్కళంకులమా? రొయ్యలసాగు తీరమునకు ధనమును దెచ్చినమాట నిజము. వేలకుటుంబములకు పని దొరకినమాటయు నిజము. కాని ప్రక్కచేనివాని వరికి ఉప్పూట పట్టినమాటయు, మురుగుకాలువలలో చెరువుల మైలనీరు నిండినమాటయు అంతే నిజము. తమిళనాడునందలి సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యముపై 1996 డిసెంబరు 11వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము, సాంప్రదాయికములుగాని చెరువులను నియంత్రణప్రాంతమునుండి తొలగించుమనియు, సాగుభూములను, ఉప్పుకొటారుభూములను, మడ అడవులను చెరువులుగ మార్చరాదనియు, చెఱచినవాడే నష్టము పూడ్చవలెననియు తీర్పు చెప్పెను. పిమ్మట పార్లమెంటువారు 2005లో తీరప్రాంత జలచరసాగు ప్రాధికారసంస్థ చట్టమును చేసిరి. సంస్థ చెన్నపట్టణమున నున్నది. పోటుగీతనుండి రెండు కిలోమీటర్లలోపల ఉప్పునీటిచెరువు త్రవ్వువాడు తప్పక నమోదు చేయించుకొనవలెను. 2023లో ఆ చట్టమును సవరించి, నమోదులేని సాగునకు పూర్వముండిన కారాగారశిక్షను తీసివేసి జరిమానాగ మార్చిరి. శిక్ష తగ్గినంతమాత్రమున బాధ్యత తగ్గలేదు.

పట్టణముననుండి భూమిని కౌలున కిచ్చు యజమాను లొకమాట వినవలెను. చెరువు నడుపువాడు కౌలుదారు. కౌలు ముట్టిన చాలునని మనము గమ్మున నుందుము. అయిదేండ్ల కతడు వెడలిపోవును. మిగులునది చవుడుబారిన మన నేలయు, మనలను తిట్టుకొను ప్రక్కరైతును. అందుచేత కౌలుపత్రమునందే నాలుగుమాటలు వ్రాయించుకొనుట మేలు: చెరువునకు నమోదు ఉండవలెను, వరిచేలకును చెరువునకును నడుమ ఊట కాలువ త్రవ్వి విడువవలెను, మైలనీటిని నిలువచేసి తేర్చినగాని మురుగుకాలువలోనికి వదలరాదు, గడువు తీరిన గట్లు చదునుచేసి నేలను తిరిగి యప్పగింపవలెను. ఇందుకు ఏ సర్కారు ఉత్తరువును అక్కఱలేదు.

న్యాయము సమముగ నుండవలెననుట మఱియొక విషయము. బందరు రేవువంటి పని కడలియొడ్డునగాక వేఱెచ్చటను సాధ్యము గాదు. కావున శాసనము దానికి, తగిన విచారణయు అనుమతియు జరిగినమీదట, చోటిచ్చినది. అది సమంజసమే. కాని పెద్దపనులకు తలుపులు తెఱచి, బెస్తవాని తాటాకుపాక నిషిద్ధభాగమున నున్నదని నోటీసు అంటించుట జరిగెనా, శాసనమునందు ప్రజలకుగల గౌరవము నశించును. తీరమున తరతరములుగ నున్నవారు పల్లెకారులు. కడలి కోపము నెఱిగి దిబ్బవెనుక ఇల్లు కట్టుకొన్నవారు వారే. 2019 ప్రకటన, విశేషముగ దెబ్బతినగల తీరములలో కృష్ణాతీరమును పేర్కొని, అట్టిచోట్ల తీరప్రజల పాల్గొనుటతో యాజమాన్యము సాగవలెనని చెప్పినది. ఆ పాల్గొనుట కాగితముపై నిలువరాదు.

అన్యదేశములందు దీని నెట్లు చేయుచున్నారో చూతము. ఒకప్పుడు బందరుకోటలో వర్తకము నడపిన వలందావారి స్వదేశమున, సముద్రమట్టమునకు దిగువన కోట్లజనము బ్రదుకుచున్నారు. అచ్చట కట్టలను కాపాడు జలసంఘములు నేటి రాజ్యముకన్న పాతవి. ఏ కట్ట యెంత యెత్తుండవలెనో, దానికిరుప్రక్కల ఎంతమేర కట్టడములు కూడవో, ఏ భాగమును ఎవరు బాగుచేయవలెనో ఆ సంఘముల చిట్టాలో వ్రాసియుండును. ఎవరైనను పోయి చూచుకొనవచ్చును. హద్దు గోప్యము గాదు గనుకనే తగవులు తక్కువ. కఠినశాసనమును జనులు సహింతురు. కనబడని శాసనమును సహింపరు.

కావున మేము ప్రభుత్వమువారిని కోరున దేమన, తీరమునందలి ప్రతిగ్రామమునకు గ్రామపటపు కొలతతో, సర్వే నంబరులతో, తెలుగున వ్రాసిన పటమును గ్రామసచివాలయమున వ్రేలాడదీయవలెను. పోటుగీతను, 200, 500 మీటర్ల గీతలను రాళ్లు పాతి చూపవలెను. ఒడ్డు కోసికొనిపోవుచోట కొన్నియేండ్ల కొకమాఱు కొలిచి రాళ్లు మార్చవలెను. ఫలానా సర్వే నంబరు గీతకు లోపలనో వెలుపలనో అడిగిన యజమానునకు గడువులోపల లిఖితముగ జవాబీయవలెను. ఆ జవాబును తాకట్టుల ధ్రువపత్రమునందే చేర్చిన, కొనువాడు మోసపోడు. అధికారి యిచ్చిన జవాబును నమ్మి కట్టిన గృహస్థుని తరువాత శిక్షింపరాదు. తప్పుజవాబిచ్చిన కచేరియే నష్టము భరింపవలెను. ఉన్న కొద్దిసెంట్లును నిషిద్ధభాగమున పడిన బీదవానికి ఊరియందు మెఱకస్థల మీయవలెను. ఆస్తిహక్కు ప్రాథమికహక్కుగ 1978లో తొలగినను, శాసనాధికారము లేక ఎవరి ఆస్తిని తీయరాదను 300-ఎ అధికరణము నేటికిని రాజ్యాంగమున నున్నది. ఆ మాట అక్షరములందేగాక ఆచరణమునందును నిలువవలెను.

చిత్తుపటములను ప్రకటించి, జిల్లాస్థాయిని బహిరంగవిచారణ జరిపి, ఆక్షేపణలు వినవలెనని శాసనము చెప్పుచున్నది. అట్టి విచారణ జరుగునాడు భూస్వాములు ఇంటియొద్ద కూర్చుండి, తరువాత తీర్పును నిందించుట తగదు. ఇంతేరు, నిడమర్రు, పడతడిక, చినగొల్లపాలెముల రైతులు, పల్లెకారులు తమ గ్రామసభలందే మొదట కలిసి, పోటు ఎంతవఱకు వచ్చునో, 1977లో నీరెంతవఱకు వచ్చెనో, ఏ దిబ్బ యుండెనో, ఏది పోయినదో తమ పెద్దల నడిగి వ్రాసికొనవలెను. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రమునకు తెలియని సంగతులు డెబ్బదియేండ్ల ముసలివానికి తెలియును. ఆ జ్ఞానము విచారణాధికారి యెదుట చేరవలెను. భూమి కొనదలచిన పట్టణవాసులు బేరగాని మాటను గాక, తీరయాజమాన్యసంస్థ పటమును అడిగి చూచినగాని బయానా చెల్లింపకుందురు గాక. దిబ్బగల భూస్వామి దానిని తవ్వనీయకుండుగాక. మడ మొక్కగల భూస్వామి దానిని నఱకనీయకుండుగాక.

కడలి శాసనములను చదువదు. 1864లోను చదువలేదు, 1977లోను చదువలేదు. అది మరల వచ్చుననుటలో సందేహము లేదు. అది వచ్చునాటికి మన దిబ్బలు నిలిచియుండుటయు, మన యిండ్లు తగినచోట నుండుటయు, ఏ యిల్లు ఎచ్చట నుండవలెనో ప్రతివానికిని ముందే తెలిసియుండుటయు ముఖ్యము. గీత గీసిన చేతికి రాయి పాతు బాధ్యత గలదు; రాయి చూచినవానికి దాని నతిక్రమింపని బాధ్యత గలదు. ఈ రెండును జరిగిననాడు పట్టాభూమికిని పోటుగీతకును వైర ముండదు.